పప్పు ఉడికే ఊరు

రిటైరైన మనిషికి సలహా చెప్పడానికి ఎవరికీ ఏ అర్హతా అక్కర్లేదు. నాకు శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి ఫోటో తీసిన సాయంత్రం నుంచే మొదలైంది. "ఇక ఎక్కడ సెటిలవుతారండీ?" అని పాలాయన అడిగాడు. సెలూన్‌లో అడిగారు. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా పలకరించని ఎదురింటాయన గేటు తీసుకుని మరీ వచ్చి అడిగాడు. అడిగి ఊరుకుంటే బాగానే ఉండేది. నేను నోరు తెరిచేలోపే జవాబు కూడా వాళ్ళే చెప్పేవారు. విజయవాడ అని ఒకరు, కాదు ఏలూరు అని ఒకరు. ఉప్పుగాలికి బందరులో కిటికీ ఊచలే నిలవవు, ముసలి ఎముకలేం నిలుస్తాయని ఇంకొకరు. ముప్పై ఆరేళ్ళు కాలువ గట్ల మీద తిరిగినవాణ్ణి నేను. ఏ ఊరికి ఏ కాలువ నీళ్ళు వెళ్తాయో, ఏ ఊరికి వెళ్ళవో కళ్ళు మూసుకుని చెప్పగలను. నాకు ఊళ్ళ గురించి చెప్తుంటే ఒళ్ళు మండేది.

నా ఉద్యోగం పెద్దదేమీ కాదు. వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. గట్లు ఎక్కడ కోసుకుపోయాయి, తూములు ఎలా ఉన్నాయి, ఎవరైనా దొంగతనంగా గట్టు తవ్వారా అని చూడటం, చూసింది పుస్తకంలో రాసి పైవాళ్ళకి పంపడం, అంతే. పైవాళ్ళు చదివేవారో లేదో నాకు తెలియదు. రాయడం మాత్రం రాసేవాణ్ణి. లంచం అనే మాట నా ముందు ఎవరూ ఎత్తేవారు కాదు. ఆ సంగతి చెప్పుకోవడం నాకు ఇష్టం. చెప్పుకున్నాను కూడా, చాలా ఏళ్ళు, చాలామంది దగ్గర.

ఊరు వెతుక్కోక తప్పని పరిస్థితి వచ్చింది. బందరులో మేమున్నది అద్దె ఇల్లు. రిటైరైన నెలలోనే ఇంటాయన వచ్చి కుర్చీ చివర కూర్చుని, ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ వేయిస్తున్నానని, వేసవి దాటేలోగా ఖాళీ చేస్తే బాగుంటుందని చెప్పాడు. మా ఆవిడ పెరట్లో పెంచిన కరివేపాకు చెట్టు ఆయన కన్నా ఎత్తుంది. దాని వంక చూసి, "ఇది కూడా తీసేయాలండీ, పార్కింగు వస్తుంది" అన్నాడు. నేను పళ్ళు నూరుకున్నాను. మా ఆవిడ మాత్రం ఆయనకి కాఫీ ఇచ్చి, "ఎక్కడికెళ్దాం?" అని నన్ను అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు ఏనాడో ఇచ్చేశానని, అది ఆవిడకి గుర్తుందని నాకు తెలుసు. తెలియనట్టు కూర్చున్నాను.

ఆ జవాబు ఇచ్చింది ఒక లారీ మీద. పామిడిముక్కల నుంచి బదిలీ అయిన రోజున సామాన్లన్నీ ఎక్కించాక వర్షం పట్టుకుంది. ఆవిడ బియ్యం డబ్బా మీద టార్పాలిన్ లాక్కుని కూర్చుని ఏడ్చింది. పెళ్ళయిన తర్వాత అది నాలుగో ఇల్లు. ఏడుపు ఆపడానికి, "రిటైరయ్యాక మీ ఊళ్ళోనే ఉందాంలే" అన్నాను. మొగుళ్ళు అనే మాటల్లో అదొకటి. చాలా ఏళ్ళు నేను దాన్ని మర్చిపోయాను. ఆవిడది దివిసీమలో కాలువ చివరి ఊరు. అమ్మానాన్నలు పోయారు, అన్నదమ్ముల్లేరు, పుట్టి పెరిగిన ఇల్లు ఎప్పుడో చేతులు మారింది. అక్కడ ఆవిడకంటూ సెంటు భూమి లేదు. అయినా ఎన్ని ఊళ్ళు మారినా, "మా ఊరి చెరువు నీళ్ళయితేనా" అనేది. ఏం వండినా చివర ఆ మాట వచ్చేది.

నీళ్ళ సంగతిలో ఆవిడకొక పద్ధతి ఉంది. మేము కొత్త ఇంట్లో దిగినప్పుడల్లా అందరిలాగే మంచిరోజు చూసి పాలు పొంగించేవాళ్ళం. అది అయ్యాక, సామాన్లు విప్పకముందే, ఆవిడ గుప్పెడు కందిపప్పు చిన్న గిన్నెలో వేసి, ఆ ఇంటి నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టేది. కుక్కర్ వాడేది కాదు. కుక్కర్ బలవంతాన ఉడికిస్తుందట, గిన్నెలో అయితేనే నిజం తెలుస్తుందట. తీరం వైపు బతికినవాళ్ళెవరికైనా ఇది తెలిసిందే. ఉప్పు తగిలిన నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు కాగినా బద్ద బద్దలాగే ఉంటుంది, మెదగదు. "పాలు ఎక్కడైనా పొంగుతాయండీ. వాటికి నీళ్ళతో పనేముంది? పప్పు ఉడికితేనే ఊరు" అనేది. తోట్లవల్లూరులో ఏటి ఒడ్డున ఉన్నప్పుడు పప్పు వెన్నలా అయింది. ఆ రోజు ఆవిడ పాట పాడుకుంటూ సామాన్లు సర్దింది. బందరులో గంట పట్టింది. నిట్టూర్చి, నాలుగో రోజుకి అలవాటు పడిపోయింది.

ఇల్లు ఖాళీ చేయాలన్న కబురు గుడివాడలో మా అన్నయ్యకి ఎలా చేరిందో గానీ, మర్నాడే ఫోను. అన్నయ్య వడ్ల వ్యాపారం చేసి చాలించాడు. చాలించాక వ్యాపారం మీద పెట్టే శ్రద్ధంతా తమ్ముడి మీద పెట్టాడు. "మా అపార్ట్‌మెంట్‌లోనే మూడో అంతస్తులో తూర్పు ముఖం ఫ్లాటు ఖాళీ అవుతోందిరా. రైలు ఉంది, బస్సు ఉంది, డాక్టర్లు ఉన్నారు. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు. నాకేం కావాలో ఆయనకి తెలియడం చిన్నప్పటి నుంచీ ఉన్నదే. నేను ఏ క్లాసులో చేరాలో, ఏ రంగు చొక్కా కుట్టించుకోవాలో ఆయనే చెప్పేవాడు. అరవై దాటినా ఆ అలవాటు పోలేదు.

చూసి వద్దామని ఇద్దరం గుడివాడ వెళ్ళాం. చూడటానికే అనుకున్నాం. వెళ్ళేసరికి గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. లోపల దిక్సూచి పట్టుకుని వాస్తు చూసే ఆయన ఒక మూల నుంచి ఇంకో మూలకి నడుస్తున్నాడు. మా వదిన కొత్త గిన్నెలో పాలు పోసి సిద్ధంగా నిలబడింది. "ఈ రోజు చాలా మంచిరోజురా, మళ్ళీ నెల దాకా లేదు. పాలు పొంగించేస్తే ఓ పనైపోతుంది. సామాన్లు తర్వాత తెచ్చుకోవచ్చు" అన్నాడు అన్నయ్య. పాలు పొంగిస్తే ఆ ఇల్లు మాదైనట్టే. తర్వాత కాదంటే అశుభం అంటారు, అలిగారంటారు, బంధువుల్లో ఆర్నెల్ల పాటు ఇదే మాట నడుస్తుంది. అన్నయ్యకి అది బాగా తెలుసు కాబట్టే మామిడాకులు కట్టించాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. అరిచాను. "మమ్మల్ని అడిగావా? మేము చూశామా? దిక్సూచి పట్టుకున్నాయనకి కనిపించింది గానీ, మేమిద్దరం కనిపించలేదా నీకు?" అన్నాను. వాస్తు ఆయన ఆగ్నేయంలో ఆగిపోయాడు. వదిన పాలగిన్నె గట్టు మీద పెట్టేసింది. అన్నయ్య మొహం చిన్నబోయింది. ఆయన మొహం చిన్నబోతే నాకు జాలి వేయాలని ఎక్కడో రాసిపెట్టి ఉంది కాబోలు, వేసింది. దాంతో కోపం ఇంకా పెరిగింది.

ఈ గొడవంతా జరుగుతుండగా మా ఆవిడ చేతిసంచీలోంచి కందిపప్పు పొట్లం తీసింది. వదినని అడిగి చిన్న గిన్నె తీసుకుని, ఆ వంటింటి కొళాయి నీళ్ళతో పప్పు పెట్టింది. మేము కేకలేసుకుని, సర్దుకుని, కాఫీలు తాగేసరికి అది ఉడికింది. గరిటెతో నొక్కితే మెదిగింది. అన్నయ్య తొంగి చూసి, "ఉడికిందిగా అమ్మా, ఇంకేం?" అన్నాడు. "ఉడికిందండీ" అని ఆవిడ పొయ్యి ఆర్పేసింది. ముఖంలో ఏమీ లేదు. పాట లేదు, నిట్టూర్పు లేదు. వంటింటి కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళ గోడ చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఉంది. ఆవిడ ఆ గోడనే చూస్తూ నిలబడింది.

ఆలోచించుకుని చెప్తామని బయటపడ్డాం. బందరు బస్సులో పెడన దాటాక, "నీకు ఇష్టమేనా?" అని అడిగాను. "మీరు ఉంటానంటే ఉంటాను" అంది. ఈ మాట వినీ వినీ నాకు విసుగు. ముప్పై ఆరేళ్ళు ప్రతి బదిలీకీ అదే మాట. "నేనేం అడిగాను, నువ్వేం చెప్తున్నావు?" అని గట్టిగానే అన్నాను. ముందు సీటువాళ్ళు తిరిగి చూశారు. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "మా ఊళ్ళో కూడా ఒకసారి వండి చూద్దామా?" అంది. ఇంతకాలానికి ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. కాదనడానికి నా దగ్గర ఏ కారణమూ లేదు. చెప్పగలిగే కారణమైతే లేదు.

ఊళ్ళో ఒక బడిపంతులుగారు బదిలీ మీద వెళ్ళిపోతే ఆయన రెండు గదుల డాబా ఖాళీగా ఉంది. ఒక నెల ఉండి చూస్తామని అడిగితే ఇచ్చారు. మే నెల. నాలుగు సంచులు, ఒక గ్యాస్ పొయ్యి, రెండు మడత మంచాలతో బయల్దేరాం. కృష్ణ మీదుగా కాలువని తీసుకెళ్ళే పులిగడ్డ అక్విడక్టు దాటుతుంటే మా ఆవిడ నా భుజం మీదుగా వంగి కాలువ వంక చూసింది. తాగునీటి కోసమని కాలువకి నీళ్ళు వదిలి వారం అయింది. కాలువ నిండుగానే ఉంది. "నిండుగా ఉందండీ" అంది చిన్నపిల్లలా. నేను మళ్ళీ అటు చూడలేదు.

దిగీ దిగగానే పాలు పొంగించింది. పాలు పొంగాయి. తర్వాత పప్పు పెట్టింది. నేను గుమ్మంలో పేపరు పట్టుకుని కూర్చున్నాను గానీ ఒక్క అక్షరం చదవలేదు. అరగంట అయింది. గరిటె చప్పుడు వినిపించింది. ముప్పావుగంట అయింది. వేడినీళ్ళు పోసిన చప్పుడు. గంట దాటాక లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు. వెళ్ళి చూశాను. నీళ్ళు పచ్చగా మరుగుతున్నాయి, పప్పు అడుగున ఇసుకలా కదులుతోంది. ఆవిడ ఒక బద్ద తీసి వేళ్ళ మధ్య నొక్కింది. అది నలగలేదు. జారి కింద పడింది. ఆవిడ వంగి దాన్ని తీసి మళ్ళీ గిన్నెలో వేసింది.

పక్కింటి ఆవిడ వచ్చి గిన్నెలోకి చూసి నవ్వింది. "అయ్యో వదినా, కొళాయి నీళ్ళు పోశావా? పప్పుకి టిన్ను నీళ్ళు పొయ్యాలి. ఆటోలో వస్తాయి పొద్దున్నే. మాకందరికీ అలవాటే" అంది. అదేదో ఊరి ఆచారమన్నట్టు చెప్పింది. కృష్ణా నది వచ్చి సముద్రంలో కలిసే చోట, చుట్టూ కాలువలున్న చోట, పప్పు ఉడకడానికి ఆటోలో నీళ్ళు రావాలట. అందులో ఎవరికీ వింత కనిపించడం లేదు. చెరువు దగ్గరికి వెళ్ళాను. మా ఆవిడ చిన్నప్పుడు బిందె ముంచిన మంచినీళ్ళ చెరువు, ఇప్పుడు ఊరి కొళాయిలకి నీళ్ళొచ్చేదీ అక్కడి నుంచే. ఎండి బీటలు వారలేదు, అలా అయితే కనీసం ఎవరైనా గోల చేసేవారు. మధ్యలో మోకాలి లోతున ఆకుపచ్చ నీళ్ళున్నాయి. నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉన్నాయి. చెరువులోకి నీళ్ళు తెచ్చే పిల్లకాలువలో పిచ్చిమొక్కలు పెరిగాయి.

ఆ మధ్యాహ్నం నేను చేసిన రభస ఊరివాళ్ళకి ఇంకా గుర్తుండి ఉంటుంది. టీ బంకు దగ్గర నిలబడి అరిచాను. తాగునీటికని వదిలిన నీళ్ళని చేపల చెరువులవాళ్ళు పైనే మింగేస్తున్నారని, గట్ల కింద తూములు దించి పట్టపగలు నీళ్ళు మళ్ళించుకుంటున్నారని, ఈ ఊళ్ళో ఒక్కడికీ సిగ్గు లేదని, అడిగేవాడు లేక ఇలా అయిందని. అక్కడున్న పెద్దమనుషులు తలలూపారు. "బాగా చెప్పారండీ. మీలాంటివాళ్ళు ఉద్యోగంలో ఉండగా ఇలా లేదు" అన్నాడు ఒకాయన. గ్లాసు పెట్టేసి ఇంటికి వచ్చేశాను.

ఇంట్లోనూ ఆగలేదు. అన్నం ముందు కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాను. మా ఆవిడ మజ్జిగ పోస్తూ, "ఆ పైన కాలవ మీద ఆరేళ్ళు చేసింది మీరే కదండీ?" అంది. నన్ను ఇరికించాలని అడగలేదు. నిజంగానే, ఏం జరిగిందో నాకు తెలిసి ఉంటుందని అడిగింది. అబద్ధం చెప్పడానికి రెండు నిమిషాలు వెతుక్కున్నాను. దొరకలేదు. చెప్పేశాను.

బందరు బదిలీకి ముందు ఆరేళ్ళు అవనిగడ్డలో ఉన్నాం. ఈ ఊరికి ఎగువ గట్టంతా నా చేతి కింద ఉండేది. ఒక వేసవిలో కాలువకి నీళ్ళు కట్టేసిన రోజుల్లో, గట్టు మీద బండి మీద వెళ్తుంటే ఒక చోట కందకం తవ్వి కనిపించింది. పక్కన సిమెంటు గొట్టాలు. వరిచేను తవ్వి చేపల చెరువు చేసిన రైతు, గట్టు కింద నుంచి తూము దించుతున్నాడు. దిగి, పుస్తకం తీశాను. అతను పరుగెత్తుకుని రాలేదు, భయపడలేదు. నెమ్మదిగా వచ్చి, "ఎండలో ఏంటండీ, నీడలోకి రండి" అని పాకలో కుర్చీ వేయించాడు. కొబ్బరిబొండం కొట్టించాడు. మాటల్లో మా ఆవిడది ఏ ఊరో అడిగాడు. చెప్పాను. "అయితే ఇంకేం, పక్క పక్క ఊళ్ళవాళ్ళం. ఆవిడ మాకు చెల్లెలి వరస. మీరు మాకు బావగారు" అన్నాడు.

అంతే జరిగింది. ఒక్క రూపాయి చేతులు మారలేదు. బావగారూ అని పిలిచి కుర్చీ వేసిన మనిషి ముందు, అతని బొండం తాగుతూ, అతని మీద రిపోర్టు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. మొహమాటం. డబ్బిస్తే మొహాన కొట్టి ఉండేవాణ్ణి. అది అతనికీ తెలుసు. పుస్తకంలో 'గట్టు కోసుకుపోయిన చోట రైతులు సొంతంగా పూడ్చుకున్నారు' అని రాశాను. తర్వాత పండక్కీ పబ్బానికీ శీలావతి చేపలు వచ్చేవి. "చెల్లెలికి ఇవ్వమన్నారండీ" అని ఎవరో తెచ్చి ఇచ్చి వెళ్ళేవారు. అతని తూము చూసి పక్కవాడు, పక్కవాణ్ణి చూసి ఆ పైవాడు. ఒకణ్ణి వదిలేశాక రెండోవాణ్ణి ఏ మొహం పెట్టుకుని ఆపను? ఎవరినీ ఆపలేదు. బదిలీ అయి బందరు వచ్చేశాను.

మా ఆవిడ అంతా వింది. "ఆ చేపలు పులుసు పెట్టాను" అంది. "మా ఊరివైపు అన్నయ్యట, ఎంత అభిమానమో అని పక్కింటివాళ్ళకి కూడా చెప్పుకున్నాను." నేను ఏదో అనబోయాను. ఆవిడ లేచి కంచం తీసేసింది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. తిట్టి ఉంటే నేనూ తిరిగి ఏదో అనేవాణ్ణి, అది అలవాటైన దారి. తిట్టలేదు.

మర్నాడు, "పోనీ గుడివాడకే ఫోను చేస్తాను" అన్నాను. "ఎక్కడికీ వద్దు" అంది. పెళ్ళయ్యాక ఆవిడ నోట ఆ మాట వినడం మొదటిసారి. "ఇక్కడే ఉంటాను. టిన్ను నీళ్ళు తెప్పించొద్దు. కొన్న నీళ్ళతో ఉడికించుకునేదానికి మా ఊరే దేనికి, ఎక్కడైనా ఉడుకుతుంది. మీరు వెళ్ళి ఆ చేపల చెరువాయనతో చెప్పి రండి."

ఆటోలో వెళ్ళాను. దారంతా కోపాన్ని కూడగట్టుకున్నాను. కుర్చీలో కూర్చోకూడదు, ఏమీ తాగకూడదు, నిలబడే చెప్పాలి, బావ అననివ్వకూడదు. ఇలా అన్నీ అనుకున్నాను. అప్పటి ఒక్క చెరువు ఇప్పుడు వరసగా కనుచూపు మేర చెరువులయింది. గట్ల మీద కొబ్బరి, అరటి. తూములోంచి నీళ్ళు ధారగా చెరువులోకి పడుతున్న చప్పుడు రోడ్డు మీదికే వినిపించింది. అతను ముసలివాడయ్యాడు. నన్ను చూసి నిజంగానే సంతోషపడ్డాడు. "బావగారూ, ఇన్నాళ్ళకా? రండి రండి" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. కుర్చీ వచ్చింది. నేను నిలబడే ఉన్నాను. బొండం కొట్టి చేతికిచ్చారు. కొట్టేసిన బొండం. ఎండ. తాగాను. తియ్యగా ఉంది.

తాగిన తర్వాత చెప్పాను. చెప్పానే గానీ, ఆ ఖాళీ బొండం చేతిలో పట్టుకుని చెప్తే మాటకి బరువేముంటుంది? అతను శ్రద్ధగా విన్నాడు. "నాదొక్కటీ మూసేస్తే మీ ఊరికి నీళ్ళొచ్చేస్తాయా బావగారూ? పైన ఇంకా ఎంతమంది ఉన్నారో మీకు తెలీదా?" అన్నాడు. "మొదటిది నీదే" అన్నాను. "మొదటిది చూసి ఊరుకుంది మీరే కదండీ" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. అతని దృష్టిలో అది నేను చేసిన మేలు. ఇప్పటికీ నలుగురికీ చెప్పుకుంటాడట. నాకు ఒళ్ళంతా మండిపోయింది. చేతిలో ఉన్న బొండాన్ని విసిరి కొట్టాలనిపించి, పక్కన జాగ్రత్తగా పెట్టి వచ్చేశాను. వచ్చేటప్పుడు ఆటోలో అరటిగెల పెట్టించాడు.

మా ఆవిడ గెల వంక చూసింది. "కూర్చున్నారా?" అని అడిగింది. "కూర్చోలేదు." "ఏమైనా తాగారా?" నేను చెప్పులు విప్పడానికి వంగాను. ఆవిడ గెలని ఇంట్లోకి రానివ్వలేదు. అరుగు మీదే ఉంచి, దారిన వెళ్ళేవాళ్ళకి పంచేసింది.

మూడో రోజు పొద్దున్నే లేచి వంట చేసింది. దోసకాయ పప్పు, అన్నం. పప్పు రెండు గంటలు పొయ్యి మీద ఉంది. నాలుగు గిన్నెల క్యారేజీలో సర్ది, పట్టుచీర కట్టుకుంది. ఎక్కడికని అడిగాను. "మా అన్నయ్యగారింటికి" అంది. "మీరూ రండి. బావగారు లేకుండా బాగుండదు." ఆవిడ మాటలో వెటకారం ఉందో లేదో ఇన్నేళ్ళ కాపురం తర్వాత కూడా నాకు తెలియలేదు. వెంట వెళ్ళాను.

అతను ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. చూడగానే ఎవరో అర్థమైంది. లేచి నిలబడి, భుజం మీది తువ్వాలు సర్దుకుని, "రా చెల్లెమ్మా, రా. ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?" అన్నాడు. అతని గొంతులో దొంగతనం లేదు. అదే నాకు భరించరానిది. నిజంగా చెల్లెలే వచ్చినట్టు తడబడ్డాడు, లోపలికి కేకేసి మంచినీళ్ళు తెమ్మన్నాడు. ఆవిడ తనకి వేసిన కుర్చీలో కూర్చుంది. నీళ్ళ గ్లాసు అందుకుని, తాగకుండా పక్కన పెట్టింది. అంత తేలిగ్గా చేయొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు.

"అన్నయ్యగారూ, చేపలు చాలాసార్లు పంపారు. నేను ఎప్పుడూ మీకు ఏమీ పెట్టలేదు. ఈ రోజు నా చేతి వంట తినండి" అంది. గట్టు మీది అరటిచెట్టు నుంచి రెండు ఆకులు కోయించింది. పాకలో చాప మీద మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, అన్నం పెట్టి, మధ్యలో పప్పు వేసింది. దోసకాయ ముక్కలు మెత్తగా ఉన్నాయి. వాటి మధ్య పప్పు బద్దలు దేనికది విడిగా, పచ్చగా కనిపిస్తున్నాయి.

అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. పంటి కింద చప్పుడు నాకు వినిపించింది. నాదీ అతనికి వినిపించే ఉంటుంది. మింగి, మర్యాదగా, "ఏం చెల్లెమ్మా, గ్యాస్ అయిపోయిందా?" అన్నాడు. "గ్యాస్ ఉందన్నయ్యగారూ. నీళ్ళే లేవు" అంది ఆవిడ. తూము గురించి ఎత్తలేదు, నా గురించి ఎత్తలేదు. వెనక చెరువులోకి నీళ్ళు పడుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. అతను ఒకసారి తల తిప్పి అటు చూశాడు. రెండో ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. చెల్లెలు పెట్టిన అన్నం ముందు నుంచి లేవలేడు, తినలేడు. ఆ స్థితి నాకు బాగా తెలుసు. అతను ఒకప్పుడు నన్ను కూర్చోబెట్టింది అక్కడే.

నేను తల వంచుకుని తింటున్నాను. ఆకులో ఉన్నది త్వరగా అయిపోతే లేచిపోవచ్చనుకున్నాను. నా ఆకు దాదాపు ఖాళీ అయింది. ఆవిడ పప్పుగిన్నె, గరిటె తీసుకుని లేచింది. అతని ఆకు వైపు చూసింది, తర్వాత నా వైపు తిరిగింది.

"మారు వడ్డించనా?" అని నన్నే ముందు అడిగింది.